నీళ్లే గదా, తాగనియ్యి

భానూర్‌లో ఒక ఇల్లు అనుకుందాం. ముందుగదిలో మూలకు ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఇంటాయన పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో షిఫ్టులకు పోతాడు. పెద్దకొడుకుకు ముప్పై ఏళ్లు. పన్నెండేళ్లుగా స్కిజోఫ్రీనియా. గోళీలు తప్పకుండా వేసుకుంటాడు, ఎవరినీ ఏమీ అనడు, తన మానాన తాను ఉంటాడు. పొద్దున దించిన క్యాను మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందని ముందుగా గమనించింది తల్లి. తర్వాత నల్లా దగ్గర దోసిలితో, బాత్‌రూంలో మగ్గుతో, ఒకసారి కూలర్‌లో పోసిన నీళ్లు కూడా. "దూప అయితుందా బిడ్డా?" అంటే తల అడ్డంగా ఊపుతాడు. "మరెందుకు గన్ని తాగుతున్నవ్?" అంటే, "లోపల కెమికల్ ఉన్నది. కడుగుతున్న" అంటాడు. తండ్రికి అందులో భయపడాల్సిందేమీ కనిపించలేదు. "నీళ్లే గదా, తాగనియ్యి. ఆ గోళీలు వేడి చేస్తయి" అన్నాడు.

ఒక సాయంత్రం పెద్దకొడుకు వాంతి చేసుకున్నాడు. మాట ముద్దగా వచ్చింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, మంచం చేరకముందే ఫిట్స్‌తో పడిపోయాడు. ఆస్పత్రిలో రక్తపరీక్ష కాగితం మీద సోడియం దగ్గర 114 అని ఉంది. పక్కనే ఉండాల్సిన హద్దు: 135 నుంచి 145.

ఈ ఇంటిని నేనే కట్టాను. అందులో జరిగినవి మాత్రం మానసిక వైద్యులు తరచుగా చూసేవే. దీర్ఘకాలం మానసిక వార్డుల్లో ఉండేవారిలో నూటికి ఆరుగురి నుంచి ఇరవై మంది దాకా ఇలా అతిగా నీళ్లు తాగుతారని వివిధ దేశాల లెక్కలు చెబుతున్నాయి. అందరికీ ఫిట్స్ రావు. కొందరికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

తెలంగాణలో దాహానికి దూప అనే మంచి మాట ఉంది. ఒళ్లు నీళ్లు అడగడం దూప. ఎండలో పొలం నుంచి వచ్చినవాడికి, ఫర్నేస్ దగ్గర ఎనిమిది గంటలు నిలబడ్డవాడికి అయ్యేది అది. మన కుర్రవాడు నిజమే చెప్పాడు, అతనికి అయ్యేది దూప కాదు. ఒళ్లు అడగకుండానే మనసు తాగిస్తోంది. ఈ తేడా పట్టుకోకపోతే వైద్యం మొదలే కాదు.

నీళ్లు ఫిట్స్ ఎలా తెప్పిస్తాయి? అరవై కిలోల మనిషి ఒంట్లో దాదాపు 36 లీటర్ల నీరు ఉంటుంది. సోడియం 140 దగ్గర ఉన్న ఆ మనిషి ఒంట్లో బయటికి పోకుండా మూడు లీటర్ల నీళ్లు నిలిచాయనుకోండి. ఉప్పు అంతే ఉంది, నీరు 39 లీటర్లయింది. లెక్క వేస్తే సోడియం 129కి దిగుతుంది. ఆరు లీటర్లు నిలిస్తే 120. చారులో చెంబెడు నీళ్లు కలిపితే పలచనైనట్టే రక్తం పలచనవుతుంది. అప్పుడు నీరు ఉప్పు ఎక్కువున్న వైపు, అంటే కణాల్లోకి చొరబడుతుంది. రాత్రి నానేసిన శనగలు తెల్లారేసరికి ఉబ్బి గిన్నె మూత లేపేస్తాయి, కణాలూ అంతే. కాలి కండరం ఉబ్బితే చర్మం సాగుతుంది, ఇబ్బంది లేదు. మెదడుకు ఆ వెసులుబాటు లేదు, పుర్రె సాగదు. తలనొప్పి, వాంతి, తికమక, తూలు, ఫిట్స్, స్పృహ పోవడం అన్నీ ఆ ఇరుకులోంచి వచ్చేవే.

మరి ఆరోగ్యవంతులు రోజుకు ఐదారు లీటర్లు తాగినా ఏమీ కావడం లేదే? మూత్రపిండాల చలవ అది. అవి మూత్రాన్ని ఎంతో పలచన చేసి అదనపు నీటిని బయటికి పంపగలవు, కానీ ఒట్టి నీటిని పంపలేవు. ప్రతి లీటరుతో పాటు కొంత సరుకు, అంటే ఉప్పు, పప్పు గుడ్ల నుంచి తయారయ్యే యూరియా, పోవాల్సిందే. మామూలు తిండి తినేవారిలో రోజుకు దాదాపు 600 మిల్లీఆస్మోళ్ల సరుకు తయారవుతుంది. మూత్రం ఎంత పలచనైనా లీటరుకు కనీసం 50 ఉండాలి. 600ను 50తో భాగిస్తే 12 లీటర్లు. అంతవరకు ఒళ్లు తట్టుకుంటుంది. అదే మనిషి తిండి మానేసి గంజి, చాయ్ మీద ఉంటే సరుకు 200కి పడిపోవచ్చు. అప్పుడు అతని హద్దు 12 లీటర్లు కాదు, 4 లీటర్లే. "నిన్న కూడా ఇన్నే తాగిండు గదా, ఏం కాలే" అని ఇంట్లోవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. నిన్న అన్నం తిన్నాడు, ఇవాళ తినలేదు.

ఇంకో చిక్కు వాసోప్రెసిన్. మెదడు కింది భాగంలో పిట్యూటరీ గ్రంథి నుంచి వెలువడే ఈ హార్మోన్ మూత్రపిండానికి నీళ్లు ఆపమని చెప్పే కబురు. ఆ కబురు అందగానే గొట్టాల గోడల్లో ఆక్వాపోరిన్లనే నీటి తలుపులు తెరుచుకుని నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ తలుపులను గుర్తించిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నీళ్లు ఎక్కువైనప్పుడు ఈ కబురు ఆగిపోవాలి. స్కిజోఫ్రీనియా ఉండి అతిగా తాగి సోడియం పడిపోయేవారిలో అది పూర్తిగా ఆగడం లేదని మోరిస్ గోల్డ్‌మన్, ఆయన సహచరులు 1988లో చూపించారు. అలా మూత్రం లీటరుకు 200 దగ్గర నిలిచిపోతే 600ను 200తో భాగించాలి. మూడే లీటర్లు. జబ్బు ముదిరినప్పుడు, వాంతి వచ్చేలా కడుపులో తిప్పినప్పుడు, బీడీ మీద బీడీ కాల్చినప్పుడు ఈ హార్మోన్ ఇంకా పెరుగుతుంది. నికోటిన్ దాన్ని రేపుతుందన్నది చాలామందికి తెలియని సంగతి.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. నీటి మత్తు అనదగ్గ పేరును వైద్య సాహిత్యంలో 1923లోనే రౌన్‌ట్రీ అనే వైద్యుడు వాడాడు. స్కిజోఫ్రీనియా రోగులు మామూలు వారికన్నా దాదాపు రెట్టింపు మూత్రం పోస్తున్నారని 1930లలో అమెరికాలో వూస్టర్ ఆస్పత్రి వైద్యులు కొలిచి చెప్పారు. అప్పటికి స్కిజోఫ్రీనియాకు తొలి మందైన క్లోర్‌ప్రోమజీన్ పుట్టనే లేదు. కాబట్టి అంతా మందుల వల్లే అనడం తప్పు. అలాగని మందులకు పాత్ర లేదనలేం. చేతుల వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ నోరు ఎండగొడుతుంది. మూర్ఛకు, మూడ్‌కు వాడే కార్బమజపైన్, దిగులుకు వాడే కొన్ని మందులు వాసోప్రెసిన్ పనికి తోడవుతాయి. "గోళీలు వేడి చేస్తయి" అన్న ఆ తండ్రి మాటలో ఇంతమేరకు నిజముంది. నోరు ఎండుతుంటే డాక్టరుకు చెప్పి ఆ గోళీ మోతాదు చూపించుకోవాలి. ఈలోగా సోంపు నమలడమో నోరు పుక్కిలించి ఊసెయ్యడమో చాలు.

ఈ జబ్బుకు మందుల వేటలో ముందుగా చెప్పాల్సిన కథ మన భీమవరం నుంచి మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, ఆ బృందంలోని వృద్ధ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలోంచి బంగారు రంగు సూక్ష్మజీవిని వేరుచేశాడు. దాన్నుంచి వచ్చింది ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. తర్వాత అదే సంస్థలో, ఆ సూక్ష్మజీవి రకాల్లో ఒకదాన్నుంచి 1957లో డెమెక్లోసైక్లిన్ అనే తోబుట్టువు మందు వచ్చింది. ఇన్‌ఫెక్షన్లకు వాడుతుంటే కొందరికి విపరీతంగా మూత్రం రావడం మొదలైంది. ఆరా తీస్తే, మూత్రపిండం వాసోప్రెసిన్ కబురును లెక్కచేయకుండా ఆ మందు చేస్తోందని తేలింది. 1970ల్లో వైద్యులు ఈ దోషాన్నే గుణంగా వాడుకున్నారు. సోడియం పడిపోయిన వారికి ఇస్తే అదనపు నీరు బయటికి పోయి రక్తం చిక్కబడింది.

మరి నీళ్లు తాగే మానసిక రోగికీ ఇదే ఇస్తే? చెయ్యదగ్గ ఆలోచనే. 1991లో ప్రచురించిన ఒక చిన్న పరీక్షలో ఆ మందును ఉత్తుత్తి గోళీతో పోల్చి, ఎప్పుడు ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చూశారు. చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఆ మందు పనిచేసేది మూత్రపిండం మీద. క్యాను దగ్గరికి చెయ్యి నడిపించేది మెదడు. తూము వెడల్పు చేసినా, పై నుంచి వచ్చే వరద అలాగే ఉంటే చెరువు నిండక మానదు. వాసోప్రెసిన్‌ను నేరుగా అడ్డుకునే టాల్వాప్టాన్ 2009లో అమెరికాలో అనుమతి పొందింది. సోడియాన్ని చక్కగా పెంచుతుంది, స్కిజోఫ్రీనియా రోగుల్లో కూడా. కానీ అదీ తూము పనే. పైగా అది వాడుతుంటే దాహం ఇంకా పెరగవచ్చు.

ప్రొప్రనలాల్, ఎనలప్రిల్, నాల్ట్రెక్సోన్ లాంటివి కూడా ఒక్కొక్కరు ఒక్కొక్కటి ప్రయత్నించారు. ఒకచోట బాగుందన్నది ఇంకోచోట నిలవలేదు. ఈ మందులన్నిటి సాక్ష్యాన్ని జల్లెడ పట్టిన కాక్రేన్ సంస్థ సమీక్షకు నిలబడగలిగిన పరీక్షలు రెండే దొరికాయి, అవీ కొద్దిమందితో చేసినవే. వందేళ్లుగా వార్డుల్లో కళ్లముందు జరుగుతున్న జబ్బు మీద ఇంత తక్కువ పరిశోధన ఎందుకు? ఈ రోగులు ఫిర్యాదు చేయరు. గట్టిగా అడిగేవారు వారి వెనుక లేరు. నీళ్లు తాగడం చూసేవారికి జబ్బులా కనిపించదు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

అయినా ఒక మందు మీద ఆశ నిలబడింది. క్లోజపైన్. 1950ల చివర స్విట్జర్లాండ్‌లో తయారైన ఈ మందు, మిగతావి లొంగదీయలేని స్కిజోఫ్రీనియాను కూడా లొంగదీస్తుందని 1988లో జాన్ కేన్ బృందం రుజువు చేసింది. ఆ తర్వాత దాన్ని వాడిన చోట్ల వైద్యులు మరో సంగతి గమనించారు: నల్లాల చుట్టూ తిరిగేవారు తిరగడం మానేస్తున్నారు. 1990ల్లో వచ్చిన చిన్న చిన్న అధ్యయనాల్లో, క్లోజపైన్ మొదలుపెట్టాక సోడియం మామూలు హద్దులోకి వచ్చి అక్కడే నిలిచింది. గోల్డ్‌మన్ మరో సహచరురాలితో కలిసి 1999లో ప్రచురించింది అలాంటిదే. పెద్ద పరీక్షలు కావు, నిజమే. కానీ మిగతా మందుల కన్నా దీని మీద వైద్యుల నమ్మకం ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. ఇది తూము పని కాదు, పై నుంచి వచ్చే వరదను ఆపే పని. కడగాలనిపించే ఆలోచననే చల్లారుస్తుంది.

అందరికీ ముందే ఎందుకివ్వరంటే, ఇది జాగ్రత్తగా వాడాల్సిన మందు. 1975లో ఫిన్లాండ్‌లో దీన్ని వాడినవారిలో కొందరికి రక్తంలోని తెల్లకణాలు కుప్పకూలి, ఎనిమిది మంది చనిపోయారు. మందు చాలా దేశాల్లో మూలపడింది. తెల్లకణాల పరీక్ష క్రమంగా చేయించాలన్న షరతు మీదే తిరిగి వచ్చింది. వందమందిలో దాదాపు ఒక్కరికి వచ్చే ప్రమాదం అది, ఎక్కువగా మొదటి నెలల్లోనే. అందుకే మొదట్లో వారం వారం రక్తపరీక్ష. భానూర్ నుంచి వారం వారం రక్తం ఇచ్చి రావాలంటే తండ్రికో తల్లికో ఒక పూట కూలి పోతుంది. ఆ పూట మానేయొద్దని నేను గట్టిగా చెబుతాను. జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్రం వారపు పరీక్ష దాకా ఆగకూడదు, అదే రోజు పరీక్ష. మలబద్ధకాన్ని కూడా చిన్నచూపు చూడొద్దు, క్లోజపైన్ వాడేవారిలో అది పేగులు కదలకుండా పోయేదాకా వెళ్లవచ్చు. బీడీ అలవాటున్నవారు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో ఈ మందు మోతాదు పెరుగుతుంది. మానడం మంచిదే, డాక్టరుకు చెప్పి మానాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చెంబులు చెంబులు తాగే మనిషి కనిపించగానే ఈ జబ్బే అనుకోవద్దు. షుగర్ ముదిరితే దూప అవుతుంది, అది నిజమైన దూప. బైపోలార్‌కు లిథియం వాడేవారిలో కొందరికి మూత్రపిండం నీళ్లు పట్టి ఉంచలేదు. ఎంత పోతుందో అంత తాగాల్సిందే. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఇద్దరికీ వైద్యం మాత్రం ఎదురెదురు. మన కుర్రవాడికి నీళ్లు తగ్గించాలి. లిథియం మనిషికి నీళ్లు ఆపితే ఒళ్లు ఎండి, రక్తంలో లిథియం విషమవుతుంది. షుగర్ పరీక్ష, సోడియం, మూత్రం ఎంత పలచనగా ఉందో చెప్పే పరీక్ష, వాడుతున్న గోళీల చీటీ, ఇవి చూడకుండా నల్లా కట్టెయ్యడం చికిత్స కాదు.

అసలు నల్లా కట్టెయ్యడమే పనికిరాదు. తాళం వేస్తే మరుగుదొడ్డి నీళ్లు తాగిన రోగుల గురించి వైద్య పత్రికల్లో రాసి ఉంది. నల్లాకు బదులు మనిషినే గదిలో పెట్టి తాళం వేద్దామనుకోవద్దు, మానసిక రోగిని ఒంటరిగా బంధించి ఉంచకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా చెబుతోంది. దీనికన్నా మేలైన పనిముట్టు ఇంట్లో పెట్టుకోగల బరువు కాంటా. నిలిచిన ప్రతి లీటరు నీరూ ఒక కిలో. పొద్దున మూత్రం పోసొచ్చాక, ఏమీ తినకముందు ఒకసారి, సాయంత్రం నాలుగింటికి అవే బట్టలతో మరోసారి తూచాలి. పొద్దున అరవై కిలోలున్న మనిషి సాయంత్రానికి 61.8 చూపిస్తే మూడు శాతం పెరిగాడు. 63 చూపిస్తే ఐదు శాతం. ఏ అంకె దగ్గర నీళ్లు ఆపాలో, ఏ అంకె దగ్గర ఆస్పత్రికి పరుగెత్తాలో డాక్టరు ముందే రాసిస్తారు. గోల్డ్‌మన్, ఆయన సహచరుడు లూచిన్స్ 1987లో వివరించిన పద్ధతి ఇదే. ఖర్చు లేదు, గొడవ లేదు. ఎన్ని గ్లాసులు తాగావని అడిగి పోట్లాడక్కర్లేదు, కాంటాయే చెబుతుంది.

ఆస్పత్రికి చేరాక తొందర ఇంకో ప్రమాదం. రోజుల తరబడి తక్కువ సోడియంలో ఉన్న మెదడు ఆ పరిస్థితికి సర్దుకుని ఉంటుంది. దాన్ని ఒక్కరోజులో మామూలుకు తెస్తే నరాల పొరలు దెబ్బతిని కాళ్లూ చేతులూ మాటా పోవచ్చు. అందుకే 24 గంటల్లో ఎనిమిది, మహా అయితే పది అంకెలకు మించి పెంచరు. ఈ రోగుల్లో ఇంకో మలుపుంది. నీళ్లు ఆపగానే వీరు ధారగా మూత్రం పోస్తారు, సెలైన్ పెట్టకపోయినా సోడియం దానంతటదే పైకి ఉరుకుతుంది. కాబట్టి ఫిట్స్ ఆగింది, ఇంటికి తీసుకెళ్తాం అని తొందరపెట్టొద్దు.

కుర్రవాడు చెప్పిన కెమికల్ సంగతి వదిలేయలేను. మతిభ్రమ తన సరుకు గాల్లోంచి తెచ్చుకోదు, ఊళ్లోంచే తెచ్చుకుంటుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు నక్కవాగు నురగ, బోరు నీళ్ల రంగు, రాత్రిపూట ఘాటు వాసన కొత్త కాదు. ఆ నీళ్ల కోసం డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి పోరాడారు, ఆ గ్రామాల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ దొరికింది. అందులో సిటలోప్రామ్ కూడా ఉంది, దిగులుకు వాడే మందు, కొందరిలో సోడియాన్ని పడదోసే మందు. ఆ కాలుష్యం వల్ల ఈ జబ్బు వస్తుందని నేను అనడం లేదు, అలా ఎవరూ చూపించలేదు. అతని భయానికి ఆధారం ఉన్న నేల ఇది అంటున్నాను. "కెమికల్ లేదు, గిమికల్ లేదు, నోర్ముయ్" అంటే అతను వినడు, ఎందుకంటే వాగు అతనూ చూశాడు. "వాగుల ఉన్నది నిజమే బిడ్డా, నీ కడుపుల లేదు. డాక్టరు రక్తం చూసిండు" అంటే వినే అవకాశం ఉంది.

ఆ ఇంటికి దగ్గర్లో సంగారెడ్డి ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. అంతకన్నా పెద్ద అవసరమైతే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. అర్ధరాత్రి ఎవరినైనా అడగాలనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఫిట్స్, వాంతులు, తికమక కనిపిస్తే మాత్రం ఫోన్ల దగ్గర ఆగొద్దు, 108 పిలవాలి.

ఆ తల్లి చేతికి ఒక పాత నోటుబుక్కు ఇచ్చామనుకుందాం. ఎడమవైపు పొద్దుటి బరువు, కుడివైపు సాయంత్రం బరువు. మొదటి పేజీలో 60, 62.6. దాని కింద 60.2, 62.9, పక్కన ఎర్ర పెన్నుతో "ఆస్పత్రి". నాలుగో పేజీలో క్లోజపైన్ మొదలుపెట్టిన తేదీ, పక్కనే రక్తపరీక్షల తేదీలు. బోనాల పండక్కి చుట్టాలొచ్చిన మూడు రోజులు ఖాళీ గళ్లు. పదకొండో పేజీలో 61, 61.9. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన తండ్రి చెప్పులు విడుస్తూనే అడుగుతాడు, "ఇయ్యాల కాంట ఎంత చూపెట్టింది?"